కష్టకాలంలో సర్కారు సాయం ఖాతాలో పడాలంటే: పీఎం కిసాన్ రికార్డులు ముందే సరిచేసుకునే తీరు

కరోనా లాక్‌డౌన్ మొదలైన రెండో రోజు, 2020 మార్చి 26న, కేంద్రం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. అందులో రైతుల కోసం ఉన్నది పీఎం కిసాన్, అంటే పొలం ఉన్న రైతు కుటుంబానికి కేంద్రం ఏటా ఇచ్చే సాయంలో, ఆ ఆర్థిక సంవత్సరం తొలి విడత. 2,000 రూపాయలను ఏప్రిల్ మొదటి వారంలోనే వేస్తామన్నారు, వేశారు. అది అదనపు డబ్బేమీ కాదు. ఎలాగూ రావలసిన విడతనే ముందుకు జరిపారు. మే 15న ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా, జూన్‌లో తెలంగాణలో ఎకరాకు 5,000 చొప్పున రైతుబంధు పడ్డాయి. వీటిలో దేనికీ కరోనా పేరుతో కొత్త ఫారం లేదు. అప్పటికే జాబితాలో పేరుండి, పొలం, ఆధార్, బ్యాంకు మూడూ ఒకదానితో ఒకటి కలిసినవాళ్లకు డబ్బు ఇంట్లో కూర్చుంటేనే వచ్చింది. ఎక్కడో ఒకచోట ముడిపడినవాళ్లకు మాత్రం దాన్ని విప్పుకుందామన్నా దారి లేకపోయింది. ఆధార్ కేంద్రాలు మూతపడ్డాయి, ఊరు దాటి వెళ్లే వీల్లేదు.

తుపాను వచ్చినా, కరువొచ్చినా, మరో రోగం ముంచుకొచ్చినా సాయం ఇదే కాలువలో పారుతుంది. కాలువ పూడిక తీసుకోవాల్సింది నీళ్లు వదలకముందే కదా. అందుకే పనులన్నీ మామూలు రోజుల్లో, విడత విడుదలకు కనీసం నెల ముందు ముగించుకోవాలి. రాష్ట్రం జాబితాపై సంతకం చేసి కేంద్రానికి పంపేశాక చేసే దిద్దుబాట్లు తర్వాతి దఫాకు వెళ్తాయి.

మొదట స్టేటస్ చదవండి

డబ్బు పడలేదనగానే చాలామంది నేరుగా బ్యాంకుకు వెళ్తారు. అక్కడ మేనేజరు ‘మాకు రాలేదు’ అంటాడు, వ్యవసాయ కార్యాలయంలో ‘మేం పంపాం’ అంటారు. ఇద్దరి మధ్య కాళ్లరిగేలా తిరగడం మిగులుతుంది. ముందు స్టేటస్ పేజీ చూస్తే ఏ గడప తొక్కాలో అదే చెబుతుంది.

పీఎం కిసాన్ సైట్‌లో ‘ఫార్మర్స్ కార్నర్’ కింద ‘నో యువర్ స్టేటస్’ నొక్కండి. రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. గుర్తులేకపోతే అదే పేజీలో ‘నో యువర్ రిజిస్ట్రేషన్ నంబర్’ ఉంటుంది, ఆధార్ నంబరుతోగానీ మొబైల్ నంబరుతోగానీ తీసుకోవచ్చు. నంబరును పట్టాదారు పాసుపుస్తకం లోపలి అట్ట మీద రాసి పెట్టుకోండి. దీని అవసరం ఏళ్ల తరబడి పడుతుంది.

పేజీ తెరుచుకున్నాక మూడు వరుసలు చూడాలి. ల్యాండ్ సీడింగ్ (పొలం రికార్డు కలపడం), ఈకేవైసీ (ఆధార్‌తో మనిషి గుర్తింపు సరిచూడటం), ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్ (ఆధార్‌కు బ్యాంకును కలపడం). మూడింటి ఎదుటా ‘యస్’ ఉండాలి. ఒక్కటి ‘నో’ అయినా విడత ఆగుతుంది. ఎక్కడ ‘నో’ ఉంటే అక్కడే పని. ల్యాండ్ అయితే వ్యవసాయ సిబ్బంది, రెవెన్యూ. ఈకేవైసీ అయితే మీ ఫోను లేదా కామన్ సర్వీస్ సెంటర్. మూడోదైతే బ్యాంకు, బ్యాంకు మాత్రమే.

మూడూ ‘యస్’ ఉండి కూడా పడకపోతే కింద విడతల వివరం చూడండి. ‘ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్’ అని ఉంటే రాష్ట్రం మీ పేరును పరిశీలించి డబ్బు కోసం పంపింది, ఇక ఎదురుచూడటమే. ‘ఎఫ్‌టీవో జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్’ అంటే చెల్లింపు ఉత్తర్వు తయారైంది, బ్యాంకు నుంచి జవాబు రావాలి. దీనికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజే కంగారుపడి వివరాలు మార్చకండి. ‘వెయిటింగ్ ఫర్ అప్రూవల్ బై స్టేట్’ అంటే ఫైలు మండలం, జిల్లా, రాష్ట్రం లాగిన్లలో ఎక్కడో కూర్చుంది. ‘పేమెంట్ స్టాప్డ్ బై స్టేట్’ అని ఉంటే మాత్రం ఎవరో కావాలనే ఆపారు. అనర్హత అనుమానం, భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండటం, మరణించినట్టు నమోదవడం వంటివి కారణాలు. మండల వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్లి కారణం అడిగి తెలుసుకోవాలి.

ఈ పేజీని ప్రింటు తీయించండి. తర్వాత వెళ్లే ప్రతి కార్యాలయంలోనూ మాట కంటే ఆ కాగితం బాగా పనిచేస్తుంది.

పొలం రికార్డు: ఎక్కువ ముడులు ఇక్కడే

పీఎం కిసాన్ భూమి యజమాని కుటుంబానికి ఇచ్చే సాయం. ఏడాదికి 6,000, మూడు విడతలు. పొలం ఎంత ఉందన్నది లెక్కకాదు, అర ఎకరమైనా పదెకరాలైనా అదే 6,000. మొదట రెండు హెక్టార్ల పరిమితి ఉండేది, 2019 జూన్ నుంచి అది పోయింది. కానీ రెవెన్యూ రికార్డులో పొలం మీ పేరున ఉండాలి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నామన్న మాట, నోటి పంపకం, తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం ఇక్కడ చెల్లవు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమి సైట్‌లో 1బి (యజమాని పేరున ఉన్న భూమి వివరం), అడంగల్ (సర్వే నంబరు వారీగా సాగు వివరం) రెండూ తీసుకోండి. మూడు విషయాలు సరిచూడండి. 1బిలో మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? ఖాతా నంబరుకు అనుసంధానమైన ఆధార్ మీదేనా? విస్తీర్ణం పాసుపుస్తకంతో కలుస్తోందా? ఆధార్ అనుసంధానం స్థితి కూడా మీభూమిలోనే ఖాతా నంబరుతో కనిపిస్తుంది. అన్నదమ్ముల ఖాతాలకు ఒకరిది ఒకరికి ఆధార్ తగిలించేయడం మామూలుగా జరిగే పొరపాటే. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే తండ్రి పేరుతో సహా సరిచూసుకోవాలి. తప్పుంటే పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులతో వీఆర్వోకు దరఖాస్తు ఇవ్వండి. తహసీల్దార్ లాగిన్‌లో వెబ్‌ల్యాండ్‌ అనే రెవెన్యూ ఆన్‌లైన్ రికార్డు మార్చాకే వ్యవసాయ శాఖ జాబితాలోకి ఆ మార్పు వస్తుంది.

రీసర్వే జరిగిన గ్రామాలవాళ్లు ఇంకో మెట్టు దిగాలి. అక్కడ పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుతో చేసిన రిజిస్ట్రేషన్‌కు కొత్త నంబరు కలవకపోతే ల్యాండ్ సీడింగ్ ‘నో’ అవుతుంది. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి పొలాలను ఒకే ఎల్‌పీఎం కింద వేశారు, దాన్నే జాయింట్ ఎల్‌పీఎం అంటారు. వాటాదారులందరి పేర్లూ, ఎవరి విస్తీర్ణం ఎంతో విడివిడిగా ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే సబ్‌డివిజన్‌కు దరఖాస్తు పెట్టాలి. సర్వేయరు వచ్చి కొలవాలి కాబట్టి దీనికి నెలలు పట్టొచ్చు. అన్నింటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి అనే భూ రికార్డుల వ్యవస్థ స్థానంలో భూభారతి వచ్చింది. పాసుపుస్తకం వచ్చి, అందులోని ప్రతి సర్వే నంబరుకూ డిజిటల్ సంతకం అయి ఉంటే పెద్దగా ఇబ్బంది ఉండదు. పార్ట్-బిలో పడిన (వివాదంలో ఉన్నవిగా పక్కన పెట్టిన) భూములు, డిజిటల్ సంతకం పెండింగ్‌లో ఉన్న నంబర్లు, విస్తీర్ణంలో తేడా ఉన్న నంబర్లు మాత్రం ఇటు పీఎం కిసాన్‌నూ, అటు రైతుబంధు స్థానంలో రాష్ట్రం ఇచ్చే రైతు భరోసానూ రెండింటినీ ఆపుతాయి. రాష్ట్రం డబ్బు ఎకరాల లెక్కన ఇస్తుంది కాబట్టి పది గుంటలు రికార్డులో తగ్గినా ఆ మేరకు ప్రతి సీజన్‌లోనూ తగ్గుతుంది. దరఖాస్తు మీసేవ ద్వారా పెట్టి, నంబరున్న రసీదు తీసుకోండి.

రెవెన్యూ రికార్డు సరిగ్గానే ఉండి, పీఎం కిసాన్‌లో మాత్రం ల్యాండ్ సీడింగ్ ‘నో’ చూపిస్తే పని తేలిక. ఆధార్, పాసుపుస్తకం, 1బి లేదా భూభారతి ప్రింటు, స్టేటస్ ప్రింటు, ఈ నాలుగింటి జిరాక్సులూ ఆంధ్రాలో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికీ, తెలంగాణలో ఏఈఓకూ (వ్యవసాయ విస్తరణాధికారి) ఇవ్వండి. ఆయన పరిశీలన చేస్తే మండల వ్యవసాయాధికారి మీదుగా పైకి వెళ్తుంది. పది రోజులకోసారి స్టేటస్ చూసుకుంటూ ఉండండి, ‘యస్’ కాకపోతే మళ్లీ అడగండి.

రైతు విశిష్ట సంఖ్య

కొత్తగా వచ్చిన మెట్టు ఇది. రెండు రాష్ట్రాల్లోనూ ఫార్మర్ రిజిస్ట్రీ కింద ప్రతి భూయజమానికీ 11 అంకెల సంఖ్య ఇస్తున్నారు. కొత్తగా పీఎం కిసాన్‌లో చేరాలంటే ఇది అడుగుతారు. ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను, పాసుపుస్తకంతో వ్యవసాయ సిబ్బంది దగ్గరకో కామన్ సర్వీస్ సెంటర్‌కో వెళితే చేస్తారు. ఓటీపీ కోసం ఫోను చేతిలో ఉండాలి.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే. హడావిడిలో ఒకటి రెండు సర్వే నంబర్లు ఎక్కించి మిగతావి వదిలేస్తారు. ఆపరేటరు సబ్మిట్ నొక్కకముందే స్క్రీన్ మీది నంబర్లన్నీ మీ పాసుపుస్తకంతో వేలుపెట్టి సరిచూడండి. వేరే మండలంలో పొలం ఉంటే అదీ ఇదే సంఖ్య కింద చేర్పించాలి.

పేరు తేడాలు

మన పేర్లతో ఉన్న తిరకాసు ఏమిటంటే ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, బ్యాంకులో ఒక పొడి అక్షరమే ఉంటుంది, 1బిలో ఇంటిపేరు చివర వస్తుంది. తెలుగులో ‘లక్ష్మి’ ఒకటే, ఇంగ్లిషులో రాసేటప్పుడు రెండు మూడు రకాలు. ‘వెంకటేశ్వర్లు’ ఒకచోట, ‘వెంకటేశ్వరరావు’ ఇంకోచోట. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు ఒక కాగితంలో, అత్తింటిది మరోదాంట్లో. మనిషికి ఇవన్నీ ఒకరేనని తెలుస్తుంది, కంప్యూటరుకు తెలియదు.

ఏది మార్చాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. బ్యాంకులో ఉన్నట్టు ఉండాలని ఆధార్ మార్చేస్తారు. దాంతో బ్యాంకు కలుస్తుంది కానీ పొలం, రేషన్ కార్డు, పంట రుణం, పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్నీ కదిలిపోతాయి. పైగా ఆధార్‌లో పేరు మార్పు మొత్తం జీవితంలో రెండుసార్లకే వీలు, పుట్టిన తేదీ ఒక్కసారికే. ఆధార్‌లోని పేరు సరిగ్గా ఉంటే దాన్ని ముట్టుకోకండి, మిగతావాటిని దానికి తగ్గట్టు మార్పించండి. ఆధార్‌లోనే అక్షరదోషం ఉంటే ముందు అది దిద్దించి, కొత్త కార్డు చేతికొచ్చాక 1బి, తర్వాత పీఎం కిసాన్, ఆఖరున బ్యాంకు, ఈ వరుసలో వెళ్లండి.

పీఎం కిసాన్‌లో నమోదైన పేరు ఆధార్‌తో కలవకపోతే ఫార్మర్స్ కార్నర్‌లోనే ఆధార్ ప్రకారం పేరు దిద్దే వీలుంది. అక్కడ మీరు కొత్త పేరు టైపు చేయనక్కర్లేదు, ఆధార్‌లో ఉన్నదాన్నే తెచ్చుకుంటుంది.

ఈకేవైసీ: మూడు దారులు

ఆధార్‌కు ఫోను నంబరు లింకై ఉంటే సైట్‌లోనే ఓటీపీతో రెండు నిమిషాల పని. ‘ఈకేవైసీ’ నొక్కి, ఆధార్ నంబరు వేసి, వచ్చిన ఓటీపీ కొట్టడమే. ఓటీపీ రాకపోతే పాత నంబరు లింకై ఉందని అర్థం. ఆధార్‌లో నంబరును ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో మార్పించుకోవచ్చు.

రెండోది కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర. పొలం పనులతో వేళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఇది తరచూ విఫలమవుతుంది. వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి, బొటనవేలు పడకపోతే మిగతా తొమ్మిది వేళ్లూ ప్రయత్నించాలి. కనుపాప మెషీన్ ఉన్న సెంటరైతే అది అడగండి. ఏ వేలూ పడకపోగా ‘బయోమెట్రిక్ లాక్డ్’ అని వస్తుంటే ఎప్పుడో మీరే, లేదా ఇంట్లో పిల్లలు మోసాల భయంతో లాక్ చేసి ఉంటారు. ఆధార్ యాప్‌లో తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

మూడోది ముఖం చూపించి చేసేది. 2023 జూన్‌లో పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో పెట్టారు. వేలిముద్ర, ఓటీపీ రెండూ కుదరని ముసలివాళ్లకు ఇదే దిక్కు. ఫోనులో పీఎం కిసాన్ యాప్‌తోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఉండాలి. రెండోది లేకపోతే కెమెరా తెరుచుకోదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లద్దాలు, తలపాగా తీయించి, చెప్పినప్పుడు కనురెప్ప వేయించాలి. ఒక రైతు తన ఫోనులోంచి ఇరుగుపొరుగు వంద మంది దాకా ఈకేవైసీ చేసిపెట్టొచ్చు. చదువుకున్న కుర్రాళ్లు ఒక్క ఆదివారం కూర్చుంటే వాడంతా అయిపోతుంది. దయచేసి మంచంపట్టిన పెద్దవాళ్లను ఆటోలో ఎక్కించి సెంటర్ చుట్టూ తిప్పకండి.

బ్యాంకు: ‘లింకైంది’ అన్న మాట నమ్మవద్దు

ఇది అందరూ బోల్తాపడే చోటు, కాస్త నిదానంగా చదవండి.

బ్యాంకులో ఆధార్ ఇవ్వడం వేరు, ఆధార్ సీడింగ్ వేరు. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ జిరాక్సు ఇస్తే అది కేవైసీ. సర్కారు డబ్బు ఆ ఖాతాకు రావాలంటే మీ ఆధార్ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్ అనే జాబితాలో ఆ బ్యాంకు పేరుతో ఎక్కాలి. ఆ జాబితాలో ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే ఉంటుంది. మీకు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నా, ఆఖరున ఏ బ్యాంకు సీడింగ్ చేస్తే డబ్బు అక్కడికే పోతుంది. పీఎం కిసాన్ దరఖాస్తులో రాసిన ఖాతా నంబరు ఏదైనా సరే.

దీనివల్ల రెండు రకాల ఇబ్బందులు. ఒకటి, డబ్బు పడింది కానీ మీరు చూస్తున్న ఖాతాలో కాదు. డ్వాక్రా కోసమో, గ్యాస్ సబ్సిడీ కోసమో, ఫోను యాప్ కోసమో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో విడతలన్నీ పోగుపడి ఉంటాయి. రెండోది, ఏ బ్యాంకూ మ్యాప్ కాలేదు, డబ్బు వెనక్కి పోయింది.

ఆధార్ సైట్‌లో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి. బ్యాంకు పేరు, యాక్టివ్ లేదా ఇనాక్టివ్ అన్నది, తేదీ కనిపిస్తాయి. ఖాతా నంబరు చూపించదు, బ్యాంకు పేరు చాలు. ఆ బ్యాంకుకు పాసుబుక్ తీసుకెళ్లి ఎంట్రీలు వేయించండి.

మార్చాలంటే మీకు డబ్బు కావలసిన బ్యాంకుకు వెళ్లి ‘ఆధార్ సీడింగ్, డీబీటీ సమ్మతి పత్రం’ అడగండి. డీబీటీ అంటే సర్కారు నేరుగా ఖాతాలో వేసే డబ్బు. ‘ఆధార్ లింక్ చేయండి’ అంటే కేవైసీ చేసి పంపేస్తారు, అందుకే ఎన్‌పీసీఐ సీడింగ్ అని ఆ మాటే పలకండి. అందులో ఇప్పటికే వేరే బ్యాంకులో డీబీటీ వస్తోందా అన్న గడి ఉంటుంది. వస్తుంటే ఆ బ్యాంకు పేరు రాసి, మార్చుకుంటున్నట్టు టిక్కు పెట్టాలి. ఇది ఖాళీగా వదిలేస్తే బ్యాంకు పంపిన అభ్యర్థన తిరస్కరణకు గురయ్యే వీలుంది. పత్రం ఇచ్చిన వారం తర్వాత మళ్లీ ఆధార్ సైట్‌లో చూడండి. కొత్త బ్యాంకు పేరు, యాక్టివ్ కనిపిస్తేనే పని అయినట్టు.

బ్యాంకు ఊరికి దూరమైతే పోస్టాఫీసు మంచి దారి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాను పోస్ట్‌మ్యాన్ వేలిముద్రతో తెరిచి, ఆధార్ సీడింగ్ కూడా చేసిపెడతాడు.

బ్యాంకుల విలీనాలు ఇంకో తలనొప్పి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ కలిసిపోయాయి, తర్వాతి ఏడాది పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి వంటి గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆధార్ ఆధారంగా వచ్చే చెల్లింపుకు కోడ్‌తో పనిలేదు. పంట నష్టపరిహారం, బీమా వంటివి ఖాతా నంబరు మీద పంపితే మాత్రం పాత కోడ్ దగ్గర ఆగిపోతాయి. కొత్త పాసుబుక్ తీసుకుని, వ్యవసాయ సిబ్బంది దగ్గరున్న వివరాలతో సరిచూసుకోండి.

సీడింగ్ బాగున్నా ఖాతా నిద్రపోతుంటే లాభం లేదు. చాలాకాలంగా లావాదేవీ లేని ఖాతా, కేవైసీ గడువు దాటిన ఖాతా రెండూ డబ్బుకు అడ్డు రావొచ్చు. పూర్తి కేవైసీ లేని చిన్న జన్‌ధన్ ఖాతాలకు ఒక పరిమితి ఉంది, నిల్వ 50,000, ఏడాదిలో మొత్తం జమ లక్ష. సర్కారు సాయం, సర్కారు కొన్న ధాన్యం డబ్బు వేసేటప్పుడు ఆ నిల్వ పరిమితిని లెక్కలోకి తీసుకోకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది, మిగతా జమలకు మాత్రం ఆ గీత అడ్డొస్తుంది. ఆధార్, పాన్ ఇచ్చి పూర్తి కేవైసీ ఖాతాగా మార్పించుకోండి. ఏడాదికి ఒకసారైనా వంద రూపాయలు తీసి వేస్తూ ఉండండి.

మీకు అర్హత ఉందా?

కుటుంబమంటే ఇక్కడ భర్త, భార్య, మైనరు పిల్లలు. భార్యాభర్తల ఇద్దరి పేరునా పొలం ఉన్నా ఒక్కరికే వస్తుంది. ఇద్దరూ నమోదై ఉంటే ఇద్దరివీ ఆపి విచారణకు పెడుతున్నారు, ఒకటి తీయించుకోవడం మేలు. మేజరైన కొడుకు పేరున పొలం ఉంటే అతడిది వేరే కుటుంబం.

భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి మీ పేరున ఉండాలి. ఆ తర్వాత కొన్నదానికి చిక్కు వస్తుంది. యజమాని మరణంతో వారసత్వంగా వచ్చిందానికి మినహాయింపు ఉంది.

ప్రభుత్వోద్యోగులు (నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు), నెలకు 10,000 లేదా అంతకు మించి పింఛను తీసుకునేవాళ్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్ల వంటి వృత్తుల్లో ఉన్నవాళ్లు, ప్రస్తుత, మాజీ మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, మేయర్లు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్లు, గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవాళ్లు అనర్హులు. చివరిదాంట్లో సూక్ష్మం ఉంది. ట్రాక్టరు లోను కోసం రిటర్ను వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదు. రిటర్నులో పన్ను సున్నా ఉండి కూడా మిమ్మల్ని ఆపితే, ఆ రిటర్ను కాపీ, ఆదాయపు పన్ను శాఖ పంపిన ఇంటిమేషన్ జతచేసి మండల వ్యవసాయాధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వండి.

అర్హత లేకుండా తీసుకుని ఉంటే సైట్‌లో ‘ఆన్‌లైన్ రీఫండ్’ ద్వారా కట్టి రసీదు దాచుకోండి. అదే మెనూలో ‘వాలంటరీ సరెండర్’ అని ఇంకోటి ఉంటుంది, అది పథకం నుంచి శాశ్వతంగా తప్పుకునే బటన్. ఏమిటో చూద్దామని నొక్కొద్దు.

యజమాని చనిపోతే ఆయన ఖాతాలో విడతలు తీసుకుంటూ పోవడం తర్వాత రికవరీకి దారితీస్తుంది. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలతో ముందు మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించి, వారసుడి పేరున కొత్తగా రిజిస్టర్ చేయాలి. కొత్త పేరుకు అది నమోదైన నాలుగు నెలల కాలం నుంచే డబ్బు మొదలవుతుంది, వెనకటివి రావు. అందుకే మ్యుటేషన్ ఆలస్యమైన కొద్దీ విడతలు నష్టపోతారు. అప్పటికే లబ్ధిదారుగా ఉండి ఈకేవైసీ, సీడింగ్ వంటివాటి వల్ల ఆగినవాళ్ల సంగతి వేరు. లోపం సరిచేశాక రావలసిన పాత విడతలు కూడా కలిపి వేస్తారు.

కౌలు రైతులు

పీఎం కిసాన్‌లో కౌలుదారుకు చోటు లేదు. పంట వేసేది, నష్టపోయేది ఎక్కువగా వాళ్లే అయినా కేంద్రం డబ్బు యజమానికే వెళ్తుంది, ఇది ఈ పథకంలో పెద్ద లోటు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పథకాల కోసం, పంట నష్టం కోసం 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు, తీసుకోవాలి. 11 నెలలకే చెల్లుతుంది, ఏటా కొత్తది కావాలి. యజమాని సంతకం ఉండాలి. ఈ కార్డుతో భూమి మీద హక్కేమీ రాదని, ఆయనకు వచ్చే పీఎం కిసాన్ ఆగదని యజమానికి వీఆర్వో సమక్షంలోనే చెప్పించండి. చాలామంది ఆ భయంతోనే సంతకం పెట్టరు. కార్డు వచ్చాక ఈ-క్రాప్‌లో, అంటే ఆన్‌లైన్ పంట నమోదులో, పంట మీ పేరున నమోదైందో లేదో చూసుకోవాలి. యజమాని పేరుతో ఎక్కితే తుపాను పరిహారం కూడా అటే పోతుంది.

కదలకపోతే

నోటి మాటతో అడిగితే నోటి మాటే జవాబుగా వస్తుంది. తెల్లకాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఆగిన విడతలు, స్టేటస్‌లో ఉన్న వాక్యం యథాతథంగా, ఏ తేదీన ఏ పత్రం ఎవరికి ఇచ్చారో రాసి, సోమవారం నాడు అర్జీలు తీసుకునే చోట, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్‌లో, తెలంగాణలో ప్రజావాణిలో ఇవ్వండి. అర్జీ నంబరు తీసుకోండి. పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261, ఢిల్లీ నంబరు 011-24300606. ఆంధ్రప్రదేశ్ రైతు సాయం పథకం అన్నదాత సుఖీభవ గురించి 155251. విడత విడుదలైన రోజున ఈ నంబర్లు దొరకవు, వారం ఆగి పొద్దున్నే చేయండి. ఫోనులో ఆధార్ ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, హెల్ప్‌లైన్ వాళ్లకు దానితో పని ఉండదు.

విడత వచ్చే వారంలోనే వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఏపీకే ఫైళ్లు (ఫోనులో యాప్‌ను ఎక్కించేవి) తిరుగుతాయి. ఊరి గ్రూపులో తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే చేజారి ఉంటుంది. తెరిస్తే మెసేజ్‌లు చదివే అనుమతి అడిగి, బ్యాంకు ఓటీపీలు లాగేస్తాయి. అసలు యాప్ ప్లే స్టోర్‌లోనే ఉంటుంది, ఫైలుగా ఎవరూ పంపరు. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఫోను డేటా ఆపండి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపేయించండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. డబ్బు మరో ఖాతాలోకి దాటేలోపు చేసిన ఫోనుకే ఫలితం ఉంటుంది, తెల్లారాక చూద్దామని ఆగొద్దు.